శాంతయ్య సార్ పియానోకు వచ్చిన జబ్బులు

శాంతయ్య సార్ దగ్గర పియానో నేర్చుకునేవాళ్లు ఎవరూ తప్పు వాయించరు. తప్పు ఎప్పుడూ పియానోదే.

మీ వేలు జారి పక్క మెట్టు మీద పడిందనుకోండి. సార్ మిమ్మల్ని ఒక్క మాటనరు. పియానో వైపు గుడ్లురిమి చూస్తారు. "ఇంత వయసొచ్చినా బుద్ధి రాలేదే నీకు!" అని దాని నెత్తిన ఒకటి మొట్టి, పైమూత ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో లోపల ఏదో కెలికి, "ఇప్పుడు వాయించప్పా" అంటారు.

ఆయన సామాన్యుడు కాదు. చర్చిల్లో వాయించారు, మద్రాసు స్టూడియోల్లో వాయించారు, జుట్టు నెరిశాక తిరుపతిలో స్థిరపడి ఇంట్లోనే పాఠాలు చెబుతున్నారు. అదే ఊళ్లో కొర్లగుంటలో మందుల షాపు నడుపుకునే నాకు నలభై దాటాక పియానో పిచ్చి పట్టి ఆయన ఇంటికి వెళ్లాను. మొదటిరోజే నా లావు వేలు ఒకేసారి రెండు మెట్ల మీద పడింది.

"తప్పు నొక్కినానా సార్?"

"నువ్వెందుకు నొక్కుతావప్పా? వాన పడింది గదా, దీనికి జలుబు చేసినట్టుండాది."

మరుసటి వారం వాన లేదు. "ఎండకు వడదెబ్బ తగిలినాది" అన్నారు. ఆ పై వారం ఎండా లేదు, వానా లేదు. "పక్కింట్లో గ్రైండర్ ఆడతా ఉండాది. దీని ధ్యాసంతా దాని మీదే!"

ఇంటికి వెళ్తే మా ఆవిడ రేవతి, "సంగీతం యాడిదాకా వచ్చింది?" అని అడిగేది. ఏం చెప్పను? బాగా వాయించినా తెలియదు, పాడుగా వాయించినా తెలియదు. నేను విద్వాంసుణ్ణో వెర్రివాణ్ణో తేలక నిద్ర పట్టేది కాదు. తేల్చుకుందామని ఒకరోజు కావాలనే మోచేత్తో నొక్కాను. సార్ కంగారుగా పియానోకు చెవి ఆనించారు.

"కడుపులో బాగలేదప్పా దీనికి. మీ షాపులో ఏమన్నా ఉండాదా?"

నాతోపాటు దేవకమ్మగారు వచ్చేవారు. చిత్తూరులో లెక్కల టీచరుగా రిటైరయ్యారు. పక్షవాతం తగ్గినా ఎడమచేతి వేళ్లు మాట వినడం లేదు. వేళ్లకు పని చెప్పమని డాక్టరు అంటే పియానో ఎంచుకున్నారు. ఆమె కూర్చుంటే చాలు, పియానోకు రాని రోగం ఉండేది కాదు.

ఒకరోజు ఆమె లేచి నిలబడ్డారు. "పాపం, ఇది బాగయ్యేదాకా నేను రాను సార్. ఊరికే మీకు శ్రమ."

సార్ ముఖం వాడిపోయింది. ఆ పియానోను ఎలాగైనా బాగు చేయించాలనుకున్నాను. సార్‌కు చెప్పకుండా చెన్నై నుంచి ఏకాంబరం అనే పియానో మెకానిక్‌ను పిలిపించాను. దేవకమ్మగారినీ రమ్మన్నాను.

ఏకాంబరం అన్ని మెట్లూ నొక్కాడు. లోపల టార్చి వేసి చూశాడు. అతని ఎదురుగా నిలబడి సార్ కళ్లతో ఏవేవో సైగలు చేస్తున్నారు. అతను అవేవీ చూడలేదు.

"ఇంత పక్కాగా ఉండే పియానో మా ఊర్లో కూడా సూడలేదు సార్!"

"మరి దాని కడుపులో..." అన్నాను నేను.

"కడుపులోనా?" అతను నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

దేవకమ్మగారు తన ఎడమచేతిని చూసుకున్నారు. "అయితే తప్పులన్నీ నావేనా సార్?"

సార్ స్క్రూడ్రైవర్‌ను జేబులో దాచుకున్నారు. "నా దగ్గరికొచ్చేటోళ్లు పొద్దంతా యాడో ఒకచోట మాటలు పడే వస్తారమ్మా. ఈడ కూడా ఎందుకని..."

"ఉద్యోగమంతా పిల్లోళ్ల తప్పులు దిద్దినాను సార్ నేను. జబ్బు పడినప్పటినుంచి నాకు తప్పని చెప్పేవాళ్లే లేరు. అన్నం ఒలకబోసినా 'పర్లేదమ్మా' అంటారు. మీరన్నా చెప్పండి."

ఆమె కూర్చుని మొదలుపెట్టారు. వేలు జారింది. పియానోను మొట్టబోయిన సార్ చెయ్యి గాలిలో ఆగింది. కళ్లు మూసుకుని మెల్లగా అన్నారు: "తప్పమ్మా. ఉంగరం వేలు. మళ్లా."

దేవకమ్మగారి ముఖం వెలిగిపోయింది. మళ్లీ వాయించారు.

"మళ్లా తప్పు!" ఈసారి సార్ గొంతు కాస్త పెరిగింది.

"అట్లా చెప్పండి!" అని ఆమె నవ్వుతూ కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకున్నారు.

నాకు అసూయ పుట్టింది. "సార్, నాకూ చెప్పండి. నేనేం తప్పు చేస్తా ఉండాను?"

సార్ నా వైపు జాలిగా చూశారు. ఒక కుర్చీ లాగి వేశారు.

"కూసోప్పా. యాడ మొదలుపెట్టాలో తెలీకుండా ఉండాది."