పసి నడుం మీద మోపని కాలు

మొన్న మంగళవారం పొద్దున మా అత్తమ్మ చనిపోయింది. దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసి, ఇంటికి తెస్తున్నాం, పాపను తీసుకురా అన్నాడు. రెండో తరగతి చదివే నా కూతురి కోసం వనపర్తిలోని వాళ్ల బడికి పరుగెత్తాను. యూనిట్ టెస్ట్ నడుస్తోంది, అయ్యాక పంపిస్తాం, కూర్చోండి అన్నారు ఆఫీసులో. పిల్ల నానమ్మ చనిపోయిందని చెప్పాను. మళ్లీ కూర్చోమన్నారు. కూర్చున్నాను, ఏం చేస్తాను? ఒళ్లు మండిపోయింది.

అత్తమ్మ పుట్టిల్లు పెద్దమందడి. ఎదురుకాళ్లతో పుట్టింది. అంటే తలకన్నా ముందు కాళ్లు బయటికొచ్చాయి. అట్లా పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. నిజమో కాదో నాకు తెలియదు గానీ, తెల్లారేసరికి మా వాకిట్లో ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవాళ్లు. ఎక్కువమంది మార్కెట్లో పల్లికాయ బస్తాలు మోసే హమాలీలు. అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి, గోడ పట్టుకుని, మడమతో మెల్లగా తొక్కేది. నోరు మాత్రం మెల్లగా ఉండేది కాదు. మూలిగితే ఇంకో తొక్కు తొక్కుత అని బెదిరించేది. అయ్యాక చాయ్ తాగందే పోనిచ్చేది కాదు.

ఈమధ్య బస్తాలు మోయనివాళ్లు కూడా రావడం మొదలైంది. యూనిఫాం వేసుకున్నవాళ్లు. మెడ తిరగడం లేదనీ, భుజాలు గుంజుతున్నాయనీ తల్లులు రెక్క పట్టుకుని తెచ్చేవాళ్లు. పసి నడుం మీద కాలెట్ల పెడ్తనే, ముందుగాల ఆ బ్యాగు దించుపో అని తల్లులను తిట్టి పంపేది అత్తమ్మ.

దించడం మా చేతుల్లో ఉంటే కదా! ఏ రోజు ఏ పుస్తకం అడుగుతారో తెలియదు. ఒక్కటి మరిచిపోతే బ్యాగు నెత్తిన పెట్టుకుని ఎండలో నిలబడాలి. నా కూతురు అట్లా నిలబడి వచ్చిన సాయంత్రం, నూనె రాద్దామని చొక్కా విప్పితే భుజాల మీద పట్టీల వాతలు. అది ఏడవలేదు. వాకిట్లోకి పోయి హమాలీలు పడుకునే చోటే బోర్లా పడుకుంది.

"నాక్కూడా తొక్కు నానమ్మా."

అత్తమ్మ దాని పక్కన చతికిలబడింది. ఆ గట్టి మనిషి కళ్లలో నీళ్లు అప్పుడే చూశాను.

"పెద్దగయినంక తొక్కుత బిడ్డా," అంది.

కొన్నాళ్లకు ఆ బడి కరస్పాండెంట్‌కే నడుం పట్టేసింది. దేవుడున్నాడు అనుకున్నాను. కారు దిగి, వంగిన మనిషి వంగినట్టే వచ్చి మా వాకిట్లో పడుకున్నాడు. అత్తమ్మ లోపలికి పోయి, పాప బ్యాగు ఈడ్చుకొచ్చి ఆయన నడుం మీద పెట్టింది. ఆయన కెవ్వుమన్నాడు.

"జరసేపు మొయ్యి సారూ. నా మన్మరాలు రోజూ మోస్తది."

తమలపాకుకు సున్నం రాసుకుని, మడిచి, నోట్లో పెట్టుకుని, తీరిగ్గా నమిలింది. కిందాయన అరుస్తూనే ఉన్నాడు. ఆకు అయ్యాకే బ్యాగు తీసి, అప్పుడు తొక్కింది. చెప్పొద్దూ, నాకు కడుపు నిండిపోయింది. నా బిడ్డ కోసం అంత పని చేసే మనిషి నాకు ఇంకొకరు దొరకరు.

నొప్పి తగ్గింది, ఆయనకు. లేచి, మీ అత్తమ్మ భలే మనిషి అని నవ్వుకుంటూ వెళ్లాడు. ఆ మరుసటి వారమే పాప బ్యాగులోకి కంప్యూటర్ పుస్తకం ఒకటి కొత్తగా చేరింది. నా కాలు దండగైంది పో అని అత్తమ్మ చాన్నాళ్లు సణిగింది.

టెస్ట్ అయ్యాక పాపను వదిలారు. బ్యాగు ఇక్కడే ఉండనివ్వమన్నాను. క్లాసులో వదలకూడదట. స్కూటీ మీద వెనకాల దాన్ని తగిలించుకునే కూర్చుంది.

మేం చేరేసరికి అత్తమ్మను వాకిట్లో చాప మీద పడుకోబెట్టి, కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టేశారు. హమాలీలు గోడవారగా నిలబడి ఉన్నారు. నానమ్మ కాళ్లకు మొక్కమ్మా అని ఎవరో పాపకు చెప్పారు.

అది మొక్కలేదు. బ్యాగు దించి పక్కన పెట్టింది. ఆ కాళ్లకు వీపు పెట్టి కూర్చుని, మెల్లగా వెనక్కి జరిగి, చల్లబడ్డ మడమలకు తన నడుం ఆనించింది. కళ్లు మూసుకుని అట్లాగే ఉండిపోయింది.