అయ్య ఎత్తనివ్వని తాడు

మా మనవడు అచ్యుతాపురం ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చి, చొక్కా విప్పి దండెం మీద వేస్తే చాలు, ఇనపతాళ్లకు పూసే గ్రీజు వాసన వసారా అంతా కమ్ముకుంటుంది. క్రేన్లతో బరువులెత్తించే చోట వాడు సూపర్‌వైజరు. మొన్న వాడి సంచీలో ఏదో శిక్షణ పుస్తకం కనిపించింది. ఐదో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదివి చదువుకున్నవాణ్ణి. కంటబడిన అక్షరాన్ని వదలను. తిరగేస్తే మొదటి పేజీలోనే ఉంది, పూర్వం బరువులకు తాళ్లు కట్టే పని నైపుణ్యం లేని కూలీలు ఉజ్జాయింపుగా చేసేవారట. ఉజ్జాయింపుగా! రాసినవాడు ఎదురుగా ఉంటే అడిగేవాణ్ణి, మా అయ్య చేతులు చూశావా నువ్వు అని.

అయ్య అప్పలస్వామి రేవులో కలాసీ. ఓడల్లోంచి సామాను దించే ఇనపతాళ్లు అల్లడం, బరువులకు కట్టడం ఆయన పని. మల్కాపురంలో మాది రెండు గదుల పెంకుటిల్లు. వేసవిలో గాలి ఇటు తిరిగితే ఆరేసిన బట్టల మీద ఎర్రటి ఖనిజం దుమ్ము పేరుకునేది, వానాకాలం ఉప్పుగాలికి తలుపు గొళ్లెం తుప్పు పట్టి చేతికంటేది. తాడు కొస వంచి, మొనదేలిన చువ్వతో పేటలు విడదీసి, ఒక్కొక్కటే లోపలికి దూర్చి అయ్య కొక్కేనికి తగిలించే కన్ను అల్లుతుంటే తీగలు గుచ్చుకుని ఆయన వేళ్లు ఎప్పుడూ చిట్లి ఉండేవి. అందుకని కొత్తావకాయ రోజుల్లో అమ్మే అన్నం కలిపి ఆయన నోట్లో ముద్దలు పెట్టేది, మేం నవ్వితే కసిరేది. దసరాకి ఆ చువ్వకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బూరెలూ గారెలూ ముందు దానికి చూపించాకే మా ఆకుల్లో పడేవి. మా ఆటలూ అవే. కొబ్బరితాడుతో నీళ్లచెంబుకు ఉచ్చు వేసి జామకొమ్మ మీదుగా లాగాలి. చుక్క ఒలికితే ఓడినట్టు. అయ్య వెళ్తూ వెళ్తూ నా ముడి నొక్కి చూసి, "ఇది ముడేట్రా? జారిపోతాది. ఇప్పీసి మల్లీ కట్టు" అనేవాడు.

కలాసీల్లో ఒక కట్టుబాటు ఉండేది. పెద్ద బరువు మొదటిసారి నేల విడిచేటప్పుడు తాడు కట్టినవాడు దాని పక్కనే నిలబడాలి. ఆ ధైర్యం లేనివాడు ఎత్తమనకూడదు.

ఒక చలికాలం ఓడలో పెద్ద యంత్రం వచ్చింది. దాన్ని దించడానికి కొత్తగా వచ్చిన ఆఫీసరు ఒక కొత్త తాడు తెప్పించాడు, పరీక్ష చేసినట్టు కాగితంతో సహా. అయ్య ఎప్పటిలాగే అమ్మ పాత చీర పీలిక ఒకటి తాడు చుట్టూ పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. ఎక్కడైనా తీగ తెగి మొన పైకి లేచి ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. మధ్యలో ఒకచోట చిక్కుకుంది.

"ఇది నాను కట్టను బాబూ."

చదువు రానివాడివి, కాగితాన్ని కాదంటావా అని ఆఫీసరు మండిపడ్డాడు.

"సదువు రాదు బాబూ. కాయితం మీద మీకు నమ్మకముంటే కట్టిత్తాను, పక్కన మీరు నిల్సోండి."

మళ్లీ పిలిచేదాకా రావద్దని అక్కణ్ణుంచే ఇంటికి పంపేశారు. సాయంత్రం అయ్య జతగాడు రాములు వచ్చి ఇదంతా చెప్పి, "బావకి సెలవిచ్చినారు సెల్లీ! మన రేవులో ఎవులికైనా అడక్కుండా సెలవిచ్చినారేటి?" అని నవ్వించబోయాడు. అమ్మ నవ్వలేదు.

"కాయితముందంటన్నారు కదా, కట్టీకపోయావా? ఉద్యోగం పోతే ఈ పిల్లల్నేటి సేత్తావు?"

"తాడు పక్కన నిలబడీది నాను కాపోతే ఈ రాములు. ఆడి పెళ్లానికి నువ్వు సెప్తావేటి?"

అమ్మ లోపలికి వెళ్లింది. మూడు రోజులు అయ్య వసారాలో కూర్చుని చువ్వకు నూనె రాస్తూనే ఉన్నాడు. రేవులో అయ్య జట్టులో మిగిలిన పదిమంది యంత్రం చుట్టూ కూర్చున్నారట. కేకల్లేవు, జెండాల్లేవు. పక్కన ఎవరు నిలబడతారంటే మాత్రం ఒక్కడూ లేవలేదు. నాలుగోనాడు మేస్త్రి మా గుమ్మం ముందు చెప్పులు విడిచి, "ఎల్దాం రా అప్పలసామీ. నీ తాడు నువ్వే అల్లుకో" అన్నాడు.

ఆ పగలంతా అయ్య తన తాడు అల్లుతూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే అమ్మా నేనూ పేట వెనక కొండెక్కాం. అంత దూరం నుంచి అయ్య తెల్ల బనీను చుక్కలా కనిపించింది. యంత్రం జానెడు లేచి ఆగింది. అమ్మ నా చెయ్యి నలిపేస్తోంది. అయ్య నాలుగు మూలలా తిరిగి చూసి చెయ్యెత్తాడు. అది మెల్లగా గాల్లోకి లేచి, పక్కకు తిరిగి, ఒడ్డున బండి మీద పిల్లిలా కూర్చుంది. అప్పుడు అమ్మ ఊపిరి వదిలి, "ఒరే, పొయ్యి మీద సారు ఒగ్గీసి వచ్చీసినాను!" అంటూ కొండ దిగి పరుగెత్తింది.

మొన్న ఆ పుస్తకం మూసి ఇదంతా మనవడికి చెప్పాను. వాడి దగ్గర తాళ్లను యంత్రమే లాగి పరీక్షిస్తుంది, ప్రతి తాడుకూ నంబరు బిళ్ల ఉంటుంది, బరువు లేచేటప్పుడు మనుషులు గీత అవతల ఉంటారు. మంచిదే. పక్కన నిలబడే కట్టుబాటు పోయింది, పోవాల్సిందే. దాంతోపాటు చేత్తో కన్ను అల్లే పనితనమూ పోయింది. మల్కాపురమంతా గాలించినా ఇప్పుడొక్కడు దొరకడు.

"ఇంతకీ తాతా, ఆ కొత్త తాడు తెగీదేనా?"

"నాకేటి తెలుసురా? దాంతో ఎవులూ ఎత్తనేదు కదా."

"మరైతే మీ అయ్య గెలిసినట్టా, ఓడినట్టా?"

వాణ్ణి కూర్చోబెట్టి అయ్యతో కలిపి ఆ పదకొండు మంది పేర్లూ వరసగా చెప్పాను. ఒకరిని ఆయాసం తీసుకుపోయింది, ఒకరిని పక్షవాతం, రాముల్నైతే ఉత్త వయసే. పదకొండు మందీ పళ్లూడి, మనవల్ని ఎత్తుకుని, ఎవరింట్లో వాళ్లు, ఎవరి మంచం మీద వాళ్లు పోయారు.