వెనక వాటా శాన్ మారినో

కైకలూరులో మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు వీధివైపు వాటా బావగారికి, వెనక వాటా మాకు వచ్చాయి. అటూ ఇటూ పక్కిళ్ళ గోడలు, వెనక మురుక్కాలవ. వీధిలోకి వెళ్ళాలంటే నేను అక్కయ్యా అని పిలిచే మా తోటికోడలి నడవలోంచే వెళ్ళాలి. అయితే పంచాయతీ కుళాయి మా పెరట్లో ఉంది. మా పేటలో బోరు వేస్తే వచ్చేవి ఉప్పునీళ్ళే. పొద్దున్న గంటసేపు వచ్చే ఆ కుళాయి నీళ్ళే రెండు వాటాలకూ దిక్కు.

నేను బళ్ళో సోషల్ టీచర్ని. సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్ చెబుతాను. మొన్న వానాకాలంలో ఓ సాయంత్రం పిల్లలకి బుల్లి దేశాల గురించి చెబుతున్నాను. లీచ్టెన్‌స్టెయిన్ అసలు సైన్యమే పెట్టుకోలేదన్నాను. శాన్ మారినోకి చుట్టూ ఇటలీయేననీ, ఆర్నెల్లకోసారి ఇద్దరేసి అధినేతలు మారతారనీ చెప్పాను.

"మా ఇంట్లో ఏడాది పొడుగునా ఒక్కరే!" అని మా ఆయన లోపల్నుంచి కేకేశారు. పిల్లలు పడీ పడీ నవ్వారు.

ఆ నవ్వే కొంప ముంచింది. ఆ ఊపులో చెప్పుల బురదంతా అక్కయ్య అప్పుడే కడుక్కున్న నడవలో తొక్కేశారు.

"ఇది ఇల్లా, బస్టాండా?" అని అరిచింది అక్కయ్య.

ఊరుకోవచ్చుగా! "కడిగిన నీళ్ళు ఎవరి పెరట్లోవండీ?" అన్నాను. నా నోటి దురద అలాంటిది.

పిల్లలు వెళ్ళగానే రెండు వాటాల మధ్య తలుపుకి అటువైపు తాళం పడింది. "రేపట్నుంచి మీ దారి మీరు చూసుకోండి!"

ట్యూషన్ సంగతి సరే, తెల్లారితే నేను బడికెలా వెళ్ళాలి?

"ఇటలీ గేటు మూసేస్తే శాన్ మారినో ఏం చేస్తుందండీ, టీచరుగారూ?" అన్నారు మా ఆయన.

"కుళాయి కట్టేస్తుంది" అన్నాను పళ్ళు కొరుకుతూ.

పొద్దున్న నీళ్ళొచ్చాయి. నా బిందెలు నింపుకుని, కట్టేద్దామని కుళాయి మీద చెయ్యేశాను. అవతల అక్కయ్య బిందెలు ఖాళీగానే ఉంటాయని తట్టింది. నాకు కామెర్లొస్తే నెల్లాళ్ళు పథ్యం వండిపెట్టింది ఆవిడే. ఛీ, నా బతుకూ అనిపించింది, నిజంగా సిగ్గేసింది.

తలుపు పక్కనున్న కిటికీ దగ్గరికెళ్ళి, "అక్కయ్యా, నీళ్ళాగిపోతాయండీ, బిందె పట్టండి" అన్నాను. ఊచల్లోంచి బిందె దూరదు, చెంబు దూరుతుంది. ఆవిడ బిందె పట్టింది. నేను కుళాయికీ కిటికీకీ మధ్య చెంబుతో పరుగులు. ఆరో చెంబుకి, "ఇలాగైతే మధ్యాహ్నానికీ నిండదు" అని సణుగుతూ బొడ్లోంచి తాళంచెవి తీసింది.

తలుపు తీసి గుమ్మంలోనే నిలబడింది. "నేను తాళమేశాను కదే. నువ్వు కుళాయి కట్టెయ్యలేదేం?"

"కట్టేద్దామనే లేచానండీ."

ఆవిడ తాళంచెవి నా తడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇది నీ దగ్గరే ఉంచు. నాకు కోపమొస్తే ఆగదు."