ఆసా రాజు కాళ్ళు

బైబిల్లోని ఆసా రాజు కథ నేను సగమే చదివి చెప్పాను. మా అమ్మ, మేము అవ్వ అని పిలిచేవాళ్ళం, నా మాట నమ్మి మందులు మానేసింది. ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచి చెప్పేంత గొప్ప కథేం కాదిది.

2011లో ఎల్లారెడ్డిలో నాకొక కుట్టు మిషను, దాని వెనక రేకుల షెడ్డులో ఇరవై ముప్ఫై మందితో ఆదివారం ఆరాధన ఉండేవి. పాస్టరు గారు కామారెడ్డి నుంచి నెలకోసారి, ప్రభువు బల్ల రోజున వచ్చి రొట్టె, ద్రాక్షారసం ఇచ్చేవారు. మిగతా వారాలు వాక్యం చెప్పేది నేనే. తప్పు చేసినవాళ్ళలో ఎవరికి ఆ బల్ల ఇవ్వకుండా ఆపాలో ఆయనకు చెప్పేది కూడా నేనే. పదో తరగతి తప్పినవాడికి అంత పెత్తనం దొరికితే ఊరుకుంటాడా? తలకెక్కింది.

ఆ వానాకాలం ఆసా గురించి చెప్పాను. మొదట్లో దేవుడికి ఎంతో నమ్మకంగా ఉన్న రాజు. విగ్రహాలు పడగొట్టించాడు. ముసలితనంలో కాళ్ళకు జబ్బు చేస్తే మాత్రం దేవుణ్ణి అడగకుండా వైద్యులను పట్టుకున్నాడు, అలాగే పోయాడు. "మనలో ఎంతమంది ఆసాలున్నారు?" అని గొంతు చించుకున్నాను. ఆమెన్‌లు బాగానే పడ్డాయి. ముందు వరసలో చాప మీద కూర్చున్న అవ్వ తన కాలిని చీర అంచు కిందికి లాక్కుంది.

అవ్వకు షుగరు. నాగిరెడ్డిపేటలో నాట్లకు పోయినప్పుడు బొటనవేలి కింద గాజుపెంకు గీరుకుని పుండైంది. నేను ఆసా వాక్యం చెప్పిన మర్నాడు మాత్రలు గూట్లో అలాగే ఉన్నాయి. ఆ తర్వాతి రోజూ అంతే. అడిగితే, "దేవుని మీద ఇడ్సిపెట్టిన బిడ్డా. నువ్వే జెప్పినవ్ గద" అంది. నాకు భయం వేయలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, గర్వంగా అనిపించింది. నా వాక్యం పని చేసిందనుకున్నాను.

అక్క కామారెడ్డిలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసేది. బల్ల ఆదివారానికి వచ్చి, అవ్వ కాలికి చుట్టిన గుడ్డ విప్పి చూసింది. ఏడవలేదు, నన్ను తిట్టలేదు. ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయానికి అందరి ముందూ లేచి నిలబడింది.

"తమ్మీ, గా అధ్యాయం మొదటికెల్లి చదివినవా? కాళ్ళ జబ్బుకంటే ముందుగాల ఆసా ఏం చేసిండు? దేవుని గుడిల బంగారం తీసి ఇంకో రాజుకిచ్చి, నన్ను కాపాడుమన్నడు. గది తప్పని ప్రవక్త జెప్తే కోపమొచ్చి జైల్ల ఏసిండు. దేవుణ్ణి ఇడిసిండు, గదీ ఆయన తప్పు. మందు మింగుడు తప్పని యాడుంది? నేను అవ్వను గిప్పుడే దవాఖానకు తోల్కపోత."

 నేను నిజంగానే ఆ ముందు భాగం చదవలేదు. నాకు కావలసిన వచనం ఒక్కదాని కింద గీత గీసి పెట్టుకున్నాను. ఆ మాట ఒప్పుకుంటే సరిపోయేది. ఒప్పుకోకపోగా పాస్టరు గారి దగ్గరికి వంగి, "ఈమె అవిశ్వాసంతో సంఘాన్ని చెడగొడుతోంది, బల్ల ఆపండి" అన్నాను. రొట్టె పళ్ళెం అక్కను దాటి పక్కామె దగ్గరికి పోయింది. అక్క అప్పటికే చాపిన చేతిని వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత అక్క ఎంత బతిమాలినా అవ్వ కదల్లేదు. "నేనే దవాఖానకు పోతే, నా కొడుకు మాటకు ఇలువేముంటది?" అంది. అక్క ఒక్కతే కామారెడ్డి బస్సెక్కింది.

పది రోజులకు పాదం నల్లబడింది, జ్వరంతో మాట తడబడింది. అప్పుడు ఆటో పిలిచాను. ఆ రోజు వాన లేదు, రోడ్డు బాగానే ఉంది. ఆలస్యానికి చెప్పుకోవడానికి ఒక సాకైనా దొరకలేదు. అక్క పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళాను, గుమ్మంలో స్ట్రెచర్ పట్టుకున్నది అక్కే. మోకాలి కింది వరకు కాలు తీసేశారు. విషం అప్పటికే రక్తంలో కలిసిందన్నారు. మూడో రోజు అవ్వ పోయింది. పెట్టెలో సెంటు చల్లుతుంటే, ఆసా శవానికీ సుగంధద్రవ్యాలు పరిచారని గుర్తొచ్చింది.

సమాధి చేసి వచ్చాక ఆ అధ్యాయం మొదటి నుంచి చదివాను. అక్క చెప్పిందంతా ఉంది. రాజు ప్రవక్తను బంధించాడని ఉంది, విడిపించాడని మాత్రం లేదు. నమ్మకం తప్పడమంటే దేవుణ్ణి వదిలి వెళ్ళిపోవడమనుకునేవాణ్ణి. ఆయన పేరు చెప్పుకుంటూనే ఆయన పంపిన మనిషి నోరు నొక్కవచ్చని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? వాక్యం చెప్పడం మానేశాను. 2014 వచ్చినా అక్క ఆ షెడ్డులో అడుగుపెట్టలేదు. రమ్మనడానికి నాకు మొహం చెల్లలేదు. ప్రార్థనకు మోకరిస్తాను, మాట రాదు.

ఆసుపత్రిలో ఉన్న ఆ మూడు రోజుల్లో అవ్వకు ఒక్కసారి తెలివొచ్చింది. లేని కాలి వైపు చూసి, నా చేయి పట్టుకుంది. "నీ వాక్యంల తప్పు లేదు బిడ్డా. నా ఇశ్వాసమే తక్కువైంది" అంది. మంచానికి అవతల అక్క నిలబడి, ఇప్పుడైనా చెప్పమన్నట్టు నా వైపే చూస్తోంది. తప్పు నాదేనవ్వా అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను అవునన్నట్టు తల ఊపాను. అవ్వ అదే నమ్ముకుని పోయింది.