ఆగిన మగ్గాల సాక్ష్యం

మొన్న మా తమ్ముడి కోడలు ఫోను పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఆఫీసు పని చేస్తుంది. సెలవు రోజుల్లో మా హిందూపురం సంఘానికి వీడియోలు తీస్తుంది. "పెద్దమామా, గంటసేపు ప్రసంగం ఇప్పుడెవురు ఇంటారు? వేలితో పైకి తోసేలోపల మనిషిని పట్టుకోవల్ల. మీ మగ్గాల సాక్ష్యం ఉండాది చూడండి, అది ఒకటిన్నర నిమిషంలో చెప్పేయండి. ఆదివారం చర్చిలో తెర మీద వేసి, అందరి ఫోన్లకూ పంపిస్తా" అంది.

ఆ సాక్ష్యం ఎరగనివాళ్లు మా సంఘంలో లేరు. నలభై ఏళ్లకు పైగా చెబుతూ వచ్చాను. అప్పట్లో పెనుకొండలో ఉండేవాణ్ణి. శనివారాలు బ్యాటరీ మైకు తీసుకుని ధర్మవరం వెళ్లి వీధి ప్రసంగాలు చేసేవాళ్లం. ఒకసారి నేతగాళ్ల వీధిలో నేను మాట మొదలుపెట్టగానే మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఇరవై నిమిషాలు వీధి వీధంతా నిశ్శబ్దంగా విన్నది. ఇదీ సాక్ష్యం. చెప్పినప్పుడల్లా సంఘమంతా ఆమేన్ అనేది. నిజం చెప్పాలంటే, ఏళ్లు గడిచేకొద్దీ ఆ వీధి కొంచెం పొడుగైంది, నేను చూడని కన్నీళ్లు కూడా ఒకరిద్దరి కళ్లలోకి వచ్చి చేరాయి. మా మేనత్త ఒక్కతే ఆమేన్ అనేది కాదు. ఆమె బైబిలు స్త్రీగా ఇల్లిల్లూ తిరిగిన మనిషి. ఒక ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టిపెట్టి, ఇంకో ఇంట్లో ఏడ్చే బిడ్డను ఎత్తుకుని, వాళ్లు అడిగితేనే క్రీస్తు మాట ఎత్తేది. మైకున్న రోజుల్లో ఇదేం పద్ధతని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఒకసారి మాత్రం, "ఆ మగ్గాల మాట ఇంక సాల్లేరా" అంది. ఎందుకని నేను అడగలేదు. అసూయేమో అనుకున్నాను.

పని పద్ధతిగా ఉండాలని ఆనాటి డైరీ తీశాను. బస్సు ఎన్నింటికి దొరికిందో, పొద్దున ఉగ్గాని తిన్నామో దోసెలు తిన్నామో అన్నీ రాసే అలవాటు నాది. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: "వీధిలోకి వెళ్లేసరికి మగ్గాల చప్పుడు లేదు. ఇరవై నిమిషాలు మాట్లాడాను. స్తోత్రం." నేను వెళ్లేసరికే చప్పుడు లేదట. రెండుసార్లు చదివి డైరీ మూసేశాను. కోడలికి చెప్పలేదు. పెద్ద తేడా ఏముందిలే అని సర్ది చెప్పుకున్నాను.

శనివారం ఇద్దరం రైల్లో ధర్మవరం వెళ్లాం. ఆ వీధిలోనే నిలబెట్టి తీయాలని తన పట్టుదల. ఇప్పుడక్కడ మరమగ్గాల హోరే ఎక్కువ. నేను గొంతు సవరించుకుని, "ఈ వీధిలోనే మగ్గాలు ఆగిపోయాయి" అన్నానో లేదో, ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలామె కళ్లు చికిలించి చూసింది.

"ఏమప్పా, అప్పుడు మైకు పెట్టినోడివి నువ్వేనా?"

సంతోషంగా తల ఊపాను. గుర్తుపెట్టుకున్న మనిషి దొరికిందని కోడలు ఫోను అటు తిప్పింది.

"మగ్గాలు నీ మాట ఇనేకి ఆగల్యాప్పా. ఆపొద్దు నా బిడ్డ సచ్చిపోయిండె. మూడేండ్లది. జరమొచ్చి పాయె. శవం లేచేదాకా ఈదిలో ఎవురూ మగ్గం ముట్టరు. లోపల నేను బిడ్డను ఒళ్లో పెట్టుకోని ఉంటే, బయట నువ్వు అరస్తానే ఉంటివి."

కోడలు ఫోను దించేసింది.

"మా వాళ్లు కొట్టేకి లేస్తే మా మామ వద్దనె. తెలీనోడు, అరిసి పోతాడులే అనె. మరుసటి దినం బొట్టు లేని ఆయమ్మ ఒకామె వచ్చి నా పక్కన కూకునె. ఒక్క మాట మాట్లాడల్యా. నెలదినాలు వచ్చె." మా మేనత్త. ఆమెకు తెలుసు. నేను అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

క్షమించమన్నాను. ఆమె, "ఇంతకూ ఆపొద్దు ఏమి చెప్తివప్పా? నాకు సద్దు ఇనపడె గానీ మాట తెలీలేదు" అంది. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది. ఆ ఇరవై నిమిషాల ప్రసంగం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. అందులో ఆమె ముందు చెప్పగలిగిన వాక్యం ఒక్కటి కూడా దొరకలేదు. "బిడ్డ పేరేమమ్మా?" అని అడిగాను. చెప్పింది. చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పేరు ఇక్కడ రాయను.

తిరుగు రైలు పెనుకొండ దాటింది. "ఆదివారానికి ఏం చూపిద్దాం పెద్దమామా?" అని కోడలు అడిగింది.

"ఏమీ వద్దు. నేనే లేచి జరిగింది చెప్తా."

"అందరి ముందరా?"

"అన్నేండ్లు చెప్పింది అందరి ముందరే కదమ్మా."

చెప్పాను. ఆమేన్ ఒక్కటీ రాలేదు. బయటికొచ్చాక తోటి సంఘపెద్ద ఒకాయన, "ఎవురికీ తెలీని దాన్ని తవ్వి తీస్తే విశ్వాసులు పడిపోరా అబ్బా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. ఫోన్ల కాలంలో సువార్త ఎలా చెప్పాలా అని మా సంఘంలో కమిటీ వేశారు. సలహా ఇమ్మని నన్నూ పిలుస్తున్నారు. కోడల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. తను ఒకటిన్నర నిమిషంలో చేయబోయిన పనినే నేను ఒక జీవితకాలం చేశాను. నా దగ్గర నేర్చుకుని అదే సాక్ష్యం ఊరూరా చెప్పిన వాళ్లను ఇప్పుడెక్కడ వెతకను?

తర్వాత రెండుసార్లు ధర్మవరం వెళ్లి ఆ అరుగు మీద కూర్చుని వచ్చాను. ఆమె అడిగినదానికి జవాబు ఇంకా చెప్పలేదు. ఆమె కూడా తొందరపెట్టడం లేదు. రెండోసారి వెళ్లినప్పుడు, బిడ్డ ఉంటే ఇప్పటికి ఎన్నేళ్లదై ఉండేదో తడుముకోకుండా చెప్పింది. మగ్గాలు ఆగిన ఆ రోజు ఎప్పుడో గడిచిపోయిందనే ఇన్నాళ్లూ నా లెక్క. ఆ ఇంట్లో అది ఇంకా గడుస్తూనే ఉంది.