సామెతలు ముప్పై ఒకటి

మా ముత్తాత వెంకట్రామ్ పటేలు న్యాల్‌కల్ వైపు ఏడు ఊళ్ళకు మాలీ పటేలు. శిస్తు ఆయన చేతుల మీదుగా పోవాల్సిందే. ఆయన కొడుకు, అంటే మా తాత నర్సింగ్‌రావు పటేలు, జహీరాబాదు బజారులో నడిస్తే దుకాణాల వాళ్ళు లేచి నిలబడేవారు. ఆయన ఒకసారి దగ్గితే ఇక కూర్చోవచ్చని అర్థం. ఒకనాడు ఆయన దగ్గడం మరిచిపోతే కిరాణా శెట్టి సాయంత్రం దాకా నిలబడే ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటాం. మా నాన్న కాలానికి లేచేవాళ్ళు తగ్గారు. నా కాలానికి బస్సులో సీటు కోసం జరగమన్నా ఎవరూ జరగలేదు. ఓడలు బండ్లవుతాయంటారు గానీ, మా ఓడ మధ్యలో బండి మజిలీ కూడా లేకుండా తిన్నగా పాత స్కూటీ అయింది. గడ్డ ఎక్కాల్సి వస్తే దిగి తొయ్యాలి.

అయినా నా వెన్ను వంగలేదు. వెన్నుపూస ఉండాల్సిన చోట మా వంశానికి చేతికర్ర ఉంటుంది. అంతటి వంశం పరువును ఒక్క ఆదివారం సాయంత్రం, ఒక్క సామెతతో, ఒక నిండు సభలో నేను ఎలా గంగలో కలిపానో ఇప్పుడు చెబుతాను. నవ్వదలచినవారు నవ్వవచ్చు. మా తాత ఉంటే దగ్గేవారు, మీరంతా కూర్చునేవారు.

అప్పట్లో నేను ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేవాణ్ణి. సునంద అదే బడిలో సైన్సు చెప్పేది. ఆమె నవ్వితే నాకు మొఘల్ చక్రవర్తుల వరస తప్పిపోయేది. ఒకరోజు స్టాఫ్ రూములో ధైర్యం చేసి పెళ్ళి మాట ఎత్తాను. ఆమె చాక్‌పీసు పొడి దులుపుకుని, "నాకు ఇష్టమే సార్. కానీ మా అమ్మ ఒప్పుకోవాలె. ఆమె ఒప్పుకోకుంటే నేను రాను," అంది.

మా అమ్మ అనుమతి అడగనే అక్కర్లేదు. మతం వేరని చెబితే ఆమె చేతులెత్తి దండం పెట్టి, "ఎవరో ఒకరు నిన్ను చేసుకుంట అంటున్నరు. అది చాలు," అంది.

సునంద వాళ్ళ అమ్మ రూతమ్మ. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయింది. ఊళ్ళో సగం మందికి ఆమె సూది తగిలి ఉంటుంది. నేను వెళ్ళి, నిటారుగా కూర్చుని, ముత్తాతతో మొదలుపెట్టి వంశం మొత్తం ఏకరువు పెట్టాను. ఆమె చిక్కుడుకాయలు వొలుస్తూ విన్నది.

"మీ తాత నాకు ఎరుకే పటేలా. సూది అంటే మస్తు భయం. మంచం కింద దూరిండు. ఇద్దరం గుంజినం."

ఈ ఘట్టం మా వంశ చరిత్రలో లేదు.

"మంచిది. మీ పెద్దలు ఏడూర్లు ఏలిన్రు. నువ్వేం ఏలుతున్నవ్?"

"పదో తరగతి, బీ సెక్షను," అన్నాను.

"మొక్కేది ఎవరి ఇష్టం వాళ్ళది, అది నేనడగ. జాగా, జాగీరు అసలే అడగ. మనిషికి జ్ఞానం గావాలె. బతుకుడు తెల్వాలె. ఆదివారం మా ఇంట్ల కూడిక ఉంటది. సామెతలు నడుస్తున్నయి. వచ్చి కూసో. నువ్వెంతటోనివో అండ్ల తెలుస్తది. అటెన్క పిల్ల సంగతి మాట్లాడుదం."

సామెతలు! నాకు లోపల డప్పులు మోగాయి. మా నాయనమ్మ సామెత లేకుండా మంచినీళ్ళు కూడా అడిగేది కాదు. సామెతలు ఉగ్గుపాలతో తాగిన వాడికి సామెతల పరీక్షా? చేపపిల్లకు ఈత పోటీ పెట్టినట్టే!

గేటు దాకా సాగనంపడానికి వచ్చిన సునంద, "సార్, సామెతలంటే అది మా..." అని ఏదో చెప్పబోయింది. నేను మా తాత ఎత్తినట్టే కుడిచెయ్యి ఎత్తాను.

"సునంద గారూ, సామెతలు నాకు జెప్తరా?"

పాఠకులారా, ఆ చెయ్యి ఎత్తకుండా ఉంటే ఈ కథ లేదు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్కూటీని సందు మొగలోనే దాచిపెట్టి నడుచుకుంటూ వెళ్ళాను. రూతమ్మ ఇంటి ముందు రేకుల షెడ్డులో చాపలు పరిచి ఉన్నాయి. నేను అడుగు పెట్టగానే అందరూ చేతులు జోడించి, "వందనాలు! వందనాలు!" అన్నారు.

నాకు కళ్ళు చెమర్చాయి. చూశారా, బజారు మరిచిపోయినా వీళ్ళు మరిచిపోలేదు! పటేళ్ళ ఇంటి బిడ్డకు ఇవ్వాల్సిన మర్యాద ఇస్తున్నారు. నేను చెయ్యి ఎత్తి, "బాగుండండి, బాగుండండి," అని దీవించుకుంటూ వెళ్ళాను. నా వెనక వచ్చిన పాలాయనకు కూడా వాళ్ళు "వందనాలు" అనడం వినిపించింది. పాలాయన మా దూరపు బంధువేమో అనుకున్నాను.

పాస్టరయ్య చాలా మర్యాదస్థుడు. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, "పటేల్ సార్, వాక్యం తెచ్చుకున్నరా?" అని అడిగాడు.

"తెచ్చుకునుడు ఎందుకయ్యా? వాక్యాలు నోట్లనే ఉంటయి. ఒక్కటి కాదు, ఎన్నంటే అన్ని."

"అబ్బా! కంఠస్థమా!" అని ఆయన మురిసిపోయాడు. వాళ్ళ భాషలో వాక్యమంటే బైబిలని నాకేం తెలుసు?

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, "ఇయ్యాల మనది సామెతలు ముప్పై ఒకటి," అన్నాడు.

నేను జాలిపడ్డాను. పాపం, వీళ్ళ దగ్గర ఉన్నవి ముప్పై ఒకటేనా! ఊరుకోలేక, "ఫికర్ చెయ్యకున్రి అయ్యా. మా నాయనమ్మకు మూడొందల పైన వస్తుండె. కడమవి నేను రాసిస్త," అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పెద్దవాళ్ళ మాటల్లో ఏదో గూఢార్థం ఉంటుందనుకుని తల ఊపాడు.

"ముందుగాల పోయిన పాఠాలు జర యాది చేసుకుందం. సోమరి గురించి ఏమున్నది? ఎవరన్న చెప్పున్రి."

నేను లేచి నిలబడ్డాను. "కూసుండి తింటే కొండలైనా కరుగుతయి!"

"ఆమెన్!" అన్నది షెడ్డు మొత్తం. మాట అంత బాగుంటే ఎవరైనా అంటారు. పాస్టరయ్య, "మన భాషల ఎంత అందంగ చెప్పిన్రు సార్!" అన్నాడు.

"నాలుక గురించి?"

"నోరు మంచిదైతే ఊరు మంచిది!"

"ఆమెన్!"

ఆమెన్ అనే మాట తేనె కంటే తియ్యనిదని నాకు ఆరోజు తెలిసింది. మా తాత దగ్గుకు కూడా అంత ప్రభావం ఉండేది కాదు. ఓరకంట రూతమ్మను చూశాను. ఆమె ముఖంలో, చిన్నదే గానీ, మెచ్చుకోలు. ఆడవాళ్ళ వరసలో సునంద మాత్రం కళ్ళు పెద్దవి చేసి, కూర్చోమని నాకు చేత్తో సైగ చేస్తోంది. చప్పట్లు కొట్టడానికి తయారవుతోందనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రూతమ్మకు ఇద్దరు కోడళ్ళు. ఏడాదిగా ఆ ఇంట్లో రెండు పొయ్యిలు, అత్తదొకటి, కోడళ్ళదొకటి. పాస్టరయ్య ఎన్నో వారాలు ప్రార్థించి, నచ్చజెప్పి, సరిగ్గా ఆ వారమే అత్తనూ కోడళ్ళనూ ఒక్క పొయ్యి దగ్గరికి చేర్చాడు. ముగ్గురూ ఒకే చాప మీద కూర్చుని ఉన్నారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నాకు తెలియాల్సినవన్నీ ఎప్పుడూ తర్వాతే తెలుస్తాయి.

"ఇగ ఇయ్యాల్టి మాట," అన్నాడు పాస్టరయ్య. "పటేల్ సార్, మీరే చెప్పాలె. సామెతలల్ల గుణవంతురాలు ఎవరు?"

ఇంత తేలిక ప్రశ్నా! నేను గొంతు సవరించుకున్నాను. ఛాతీ విరిచాను. రూతమ్మ వైపు తిరిగి, షెడ్డు రేకులు అదిరేలా చెప్పాను.

"అత్త లేని కోడలు ఉత్తమురాలు! కోడలు లేని అత్త గుణవంతురాలు!"

ఆమెన్ కోసం చూశాను. రాలేదు. అప్పుడు చాప మీది నుంచి పెద్ద కోడలు, "ఆమెన్," అంది.

"ఏమన్నవే?" అన్నది రూతమ్మ.

"నేనేమన్న అత్తమ్మా, పటేల్ సార్ అన్నడు. అత్త లేకుంటే కోడలు ఉత్తమురాలంట. ఉన్న మాటనే."

"అంటే నేను పోవాల్నా?"

చిన్న కోడలు అందుకుంది. "అక్కా, గట్లంటవేందే? అత్తమ్మ పోవుడు ఎందుకు? సార్ రెండోది సుత చెప్పిండు గద. కోడండ్లు లేకుంటే ఆమె గుణవంతురాలంట. మనమే పోదాం తియ్యి!"

"పోతే పోన్రి! మీ పొయ్యి మీరు తీస్కపోన్రి!"

"పాస్టరయ్య ముంగట మాటిచ్చినవ్ అత్తమ్మా!"

"మాటిచ్చినప్పుడు గీ పటేల్ లేకుండె!"

పాస్టరయ్య రెండు చేతులూ ఎత్తి, "ప్రార్థన చేసుకుందం!" అని అరిచాడు. ఎవరూ కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే ఎవరు ఏం అందుకుంటారో తెలియదు. నాకు భయం వేసి, గొడవ చల్లార్చుదామని ఇంకో సామెత మొదలుపెట్టాను. "అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ..." అన్నానో లేదో, సునంద వచ్చి నా చొక్కా చెయ్యి పట్టుకుని గేటు బయటికి లాక్కుపోయింది.

"సార్! సామెతలు అంటే మా బైబిల్ల ఒక పుస్తకం పేరు!"

"పుస్తకమా?"

"ముప్పై ఒకటి అంటే ముప్పై ఒకటో అధ్యాయం! ఆఖరు అధ్యాయం! గుణవతి అయిన భార్య ఎట్ల ఉంటదో అండ్ల ఉంది!"

"ముందే చెప్పొచ్చు గదా!"

"చెప్పనిస్తిరా? ట్రాఫిక్ పోలీసు లెక్క చెయ్యెత్తితిరి!"

లోపలి నుంచి ఒక గిన్నె ఎగిరి వచ్చి వాకిట్లో పడింది. సునంద గొంతు తగ్గించింది. "మా అమ్మ ఇగ ఒప్పుకోదు సార్," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసిన తర్వాత మా ఏడు ఊళ్ళు నాకు ఎందుకూ పనికిరాలేదు.

మర్నాడు వెళ్ళాను. మా వంశంలో ఒకరి ఇంటికి పోయి "తప్పయింది" అన్నవాడు అంతకు ముందు లేడు. మా తాత అయితే దగ్గేసి ఊరుకునేవారు. నేను అన్నాను. అదీ కోడళ్ళిద్దరి ఎదుట. వాకిట్లో రెండు పొయ్యిలూ పొగ కక్కుతున్నాయి.

రూతమ్మ నన్ను స్టూలు మీద కూర్చోమంది. "మందలిస్తే తెలివైనోడు మంచి చేసినవంటడట, పొగరుబోతు పగ పడతడట. గట్లని మా సామెతలల్ల ఉన్నది. నువ్వెసొంటోనివో ఇప్పుడే చూస్త. కూసో." అని మొదలుపెట్టింది.

"ఆ చెయ్యెత్తుడు ఏంది? ఎవరన్న మాట్లాడుతుంటే ఇనవా? ఇనుడు రానోనికి జ్ఞానం ఏడికెల్లి వస్తది?"

నేను మింగాను.

"మొగుడంపల్లి తొవ్వల మీ చెలక జూసిన. తుమ్మలు మొలిచినయి. కంచె కూలింది. నువ్వు దున్నవ్, కౌలుకియ్యవ్. ఎందుకు?"

"పటేళ్ళు నాగలి పట్టరు. కౌలుకిస్తే పేరు పోతుంది," అన్నాను.

"సోమరోని చేను సంగతి మా పుస్తకంల ఉన్నది. ముండ్లు మొలిచి, గోడ కూలి ఉంటదంట. నేనైతే అది రాసినాయన మొగుడంపల్లి మీదికెల్లే పోయిండు అనుకున్న."

కోడళ్ళిద్దరూ ఒకేసారి కిసుక్కున నవ్వారు. ఏడాదిగా అత్త మాటకు వాళ్ళు నవ్వడం అదే మొదటిసారట.

"కోపమొచ్చిందా?" అంది రూతమ్మ.

"వచ్చింది."

"ఏం చేసినవ్?"

"మింగిన."

ఆమె లోపలికి వెళ్ళి ఒక పాత బైబిలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "రోజుకొక్క అధ్యాయం సదువు. అయినంక రా. అప్పటిదాంక సామెతలు జెప్పకు."

చదివాను. మొదటి రోజు విమర్శకుడిలా, నిటారుగా కూర్చుని చదివాను. వారం తిరిగేసరికి అనుమానం పట్టుకుంది. ఒక పేజీలో గర్విష్ఠి, ఒక పేజీలో సోమరి, ఒక పేజీలో తనకు తానే జ్ఞాని అనుకునేవాడు. వేల ఏళ్ళ కిందట, సముద్రాల అవతల, మా ఇంటి గురించి ఇంత సమాచారం ఎవరు అందించారు? మా అమ్మకు చదివి వినిపిస్తే, "మీ నాయన గూడా ఉన్నడు అండ్ల," అంది. ఇంకో పేజీకి, "గీయన మీ తాత," అంది. ఆల్బమ్ చూసినట్టు విన్నది. దానికి ముందున్న పుస్తకాలు కూడా తిరగేశాను. ఒకచోట ఉన్నదంతా పోగొట్టుకున్న పెద్దమనిషి బూడిదలో కూర్చుని ఉన్నాడు. ఆయన దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. నవ్వు రాలేదు.

నెల తర్వాత ఆదివారం మళ్ళీ షెడ్డుకు వెళ్ళాను. "వందనాలు" అంటే "వందనాలు" అన్నాను, పాలాయనకు కూడా. అత్తా కోడళ్ళు ఒకే చాప మీద ఉన్నారు. నన్ను తిట్టుకోవడంలో ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదిరి, పొయ్యి మళ్ళీ ఒకటయిందని పాస్టరయ్య చెవిలో చెప్పాడు.

రూతమ్మ లేచి నిలబడింది. "ఇగ చెప్పు పటేలా. గుణవతి ఎవరు?"

చిన్న కోడలు ఎందుకైనా మంచిదని పక్కనున్న గిన్నె తీసి దూరంగా పెట్టింది.

నేను చేతులు కట్టుకున్నాను. "చీకటితోనే లేస్తది. ఇంట్ల అందరికి తిండి జూస్తది. బీదోళ్ళకు చెయ్యి చాపుతది. చేను జూసి, బాగుంటే కొంటది. తన కష్టంతోని తోట వెడతది..."

"ఆగు. నడుమ ఏమన్నవ్?"

"చేను జూసి కొంటది."

"చూసిన," అంది రూతమ్మ. "ఇగ కొంట. మొగుడంపల్లి చెలక నాకియ్యి. పిల్లను నీకిస్త."

"ఆమెన్!" అన్నారు కోడళ్ళు, ఇద్దరూ ఒకే గొంతుతో.

సునంద వైపు చూశాను. నాకు మొఘల్ చక్రవర్తులతో పాటు అక్కడున్నవాళ్ళ పేర్లు కూడా గుర్తు రాలేదు.

ఇప్పటికీ రోజుకొక అధ్యాయం చదువుతాను. ఆఖరు అధ్యాయం అయిపోగానే మళ్ళీ మొదటికి వస్తాను. చదివిన ప్రతిసారీ నా గురించి ఒక కొత్త సంగతి బయటపడుతోంది. పడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయని సునంద అంటుంది. కాబట్టి ఏడు ఊళ్ళ పటేళ్ళ సాక్షిగా, మంచం కింద దూరిన మా తాత సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అత్తా కోడళ్ళు ఒకే చాప మీద కూర్చుని ఉండగా నేను నోరు తెరవను. ఎవరైనా నాకు తెలిసిన సంగతి చెప్పబోతే ముందు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంటాను. జేబుల్లేని చొక్కా, ప్యాంటు కుట్టించుకోను.

మాకు మిగిలిన ఆఖరి భూమి ఆ మొగుడంపల్లి చెలకే. ఆ వేసవిలో దాన్ని మా అత్తగారికి అమ్మేశాం. ఆమె తుమ్మలు కొట్టించి కంది వేసింది.