రుక్మిణమ్మ చిక్కుపెట్టిన చిలపలు

ధర్మవరంలో వాళ్ళ మగ్గం గదికి ట్యూబులైటు వచ్చింది అరవై ఎనిమిదిలో. చూడడానికి వచ్చినవాళ్ళంతా తల పైకెత్తి నోరు తెరిచారు. రుక్మిణమ్మ మాత్రం, "ఇది పన్నెండేండ్ల ముందే వచ్చింటే నాకు చెడ్డపేరు తప్పిండేది" అని మొగుడి వైపు చూసి నవ్వింది. ఆ మాట వాళ్ళిద్దరికే తెలుసు. మనకు తెలియాలంటే పాత చలికాలాల్లోకి పోవాలి. అక్కడికి పోవడమంటే రుక్మిణమ్మకు మహా ఇష్టం.

ఆమె హిందూపురం పిల్ల. పదహారేళ్ళకు వెంకటేశులు భార్యగా ఈ నేతగాళ్ళ వీధికి వచ్చింది. పట్టునూలు చుట్టను చిలప అంటారు. ఆడవాళ్ళు దాన్ని రాట్నం మీద విప్పి చిన్న చిన్న కండెలకు చుట్టి ఇస్తే, మగవాళ్ళు ఆ కండెను నాడెలో పెట్టి నేస్తారు. రుక్మిణమ్మ చుట్టిన కండెలో ఒక్క పోగు తెగేది కాదు. వీధిలోకి కొత్త కోడలు వస్తే పని నేర్చుకోవడానికి ఆమె దగ్గరకే పంపేవాళ్ళు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. ఉండదా మరి? పుట్టింటి నుంచి ఆమె తెచ్చుకున్న నగ అదొక్కటే.

వెంకటేశులు పనిమంతుడు, పదిమందిని నవ్వించే మనిషి. కానీ దీపావళి పోయి పొద్దు కురచయ్యేసరికి మారిపోయేవాడు. మగ్గం గదికి ఒకటే కిటికీ, అదీ ఉత్తరం వైపు. ఎండ తగిలితే పట్టు రంగు వెలుస్తుందని పెద్దలు అలా కట్టారు. మార్గశిరంలో ఆ గదిలో పట్టపగలు కూడా మసకే. మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టుకుని, నాడె చేతపట్టుకుని, గంటల తరబడి అలాగే కూర్చుండిపోయేవాడు. తిండి సగం, మాట పావు. ఏమైందని అడిగితే, "ఏం కాలేదు. దేని మీదా మనసు పోదు" అనేవాడు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయే నాటికి మళ్ళీ మామూలు మనిషి.

పెనుకొండకు తీసుకుపోతే అక్కడొకాయన గాలి సోకిందని తాయెత్తు కట్టాడు. వీధివాళ్ళు సోమరితనమన్నారు. నోరుంది కదా, ఎవరికి తోచింది వాళ్ళన్నారు. రుక్మిణమ్మ భయం వేరు. ఆమె మామ కూడా ఇలాంటి మనిషేనట. ఒక పుష్యమాసంలో, హిందూపురం సంతకు పోయొస్తానని తుండుగుడ్డ భుజాన వేసుకుని వెళ్ళినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. ఎదురింటి లక్ష్మక్క ఈ సంగతి చెప్పిన నాటి నుంచి, చలికాలంలో వెంకటేశులు వాకిలి దాటితే చాలు, తిరిగొచ్చేదాకా ఆమె గడప వదిలేది కాదు.

యాభై ఆరు చలికాలం అన్నిటికన్నా చెడ్డది. వెంకటేశులు రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. సంగటి ముద్ద పెడితే ముట్టలేదు. సాయంత్రం ఉన్నట్టుండి, "మా నాయన ఎందుకు పోయినాడో నాకిప్పుడు తెలుస్తాండాది" అన్నాడు. రుక్మిణమ్మ ఆ రాత్రి వాకిలికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంది.

మరునాడు పొద్దున లక్ష్మక్క మేకపిల్ల వీళ్ళింట్లో దూరింది. కొయ్యకు వేలాడుతున్న చిలపను మెడకు తగిలించుకుని వీధంతా గంతులేసింది. పట్టుకునేసరికి చిలప పిచ్చుకగూడైంది. రుక్మిణమ్మ చేతులు రాగిపిండిలో ఉన్నాయి. "ఏమయ్యో, రోంత వచ్చి చూడు! పట్టంతా పాడైతాండాది!" అని అరిచింది. ఎంత దిగులున్నా నేతగాడు పట్టును వదలడు కదా. లేచి వచ్చి ఎండలో అరుగు మీద కూర్చున్నాడు. ఒక్కో పోగే విప్పాడు. లక్ష్మక్క మేకపిల్లను తిడుతూ వచ్చి పక్కన కూర్చుంటే, "దాన్నేమీ అనొద్దక్కా, రాట్నం నేర్చుకునేకి వచ్చిండాది" అన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చిలప చక్కబడింది. "రుక్మిణీ, ముద్ద ఉండాదా?" అని తనే అడిగాడు.

ఆ ఒక్క మాటకు ఆమె పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది.

మర్నాడు మంచు విడిచాక రుక్మిణమ్మ గదిలో ఒంటరిగా నిలబడి మంచి చిలపను చేతిలోకి తీసుకుంది. ఎడమ చేతి వైపు ఉచ్చును కుడికి మెలితిప్పి, కొసను నడుమ దూర్చి గట్టిగా లాగింది. నేతింటి ఆడది తన చేత్తో పట్టును చిక్కుపెట్టడమంటే తినే కూట్లో మన్ను పోసుకోవడమే. పోసుకుంది. బయటికొచ్చి, "నా చూపు ఆనలేదయ్యా. అరుగు మీద కూచోని ఇది విప్పవా" అంది.

అలా ఎనిమిది చలికాలాలు. ఏ ఏడూ దిగులు పూర్తిగా పోలేదు, కానీ మగ్గం ఆగలేదు, మనిషి ఇల్లు వదలలేదు. ఎంత మంచి పొద్దులవి! ఆయన అరుగెక్కితే ఇరుగుపొరుగు చేరేవాళ్ళు. ఎవరో కాల్చిన చెనిక్కాయలు తెచ్చేవాళ్ళు. నవ్వులు మొదలయ్యేవి. ఆ నవ్వులు ఆమె చెవుల్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఆమె పేరు మాత్రం మన్నైపోయింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్ల చూపు మీద నెపమేస్తాండావే! ఇరవై అయిదేండ్లకే చూపు పోయెనా?" అని లక్ష్మక్క అందరి ముందూ అనేది. కొత్త కోడళ్ళను పంపడం మానేశారు. మొదటి ఏడు వెంకటేశులు కూడా, "హిందూపురంలో నీకు ఇదేనా నేర్పింది?" అని విసుక్కున్నాడు. పుట్టింటి మాట ఎత్తినందుకు ఆమెకు మండిపోయింది. అయినా నోరు విప్పలేదు. చెబితే మందు పనిచేయదని ఆమె భయం.

అరవై నాలుగు మార్గశిరంలో రుక్మిణమ్మకు టైఫాయిడ్ వచ్చింది. లేచి కూర్చునే ఓపిక లేదు. కండెలు లక్ష్మక్క చుట్టి పంపేది. ఒక్క చిక్కు లేదు. పడుకున్న చోటి నుంచి ఆమె మగ్గం చప్పుడు వింటూ ఉండేది. నాలుగో రోజుకు అది మందగించింది. ఏడో రోజుకు నాడె ఆగి ఆగి నడిచింది. తొమ్మిదో రోజు పొద్దున పూర్తిగా ఆగిపోయింది.

లేవబోయింది. ఒళ్ళు లేవలేదు. తల తిప్పి చూసింది.

వెంకటేశులు మగ్గం గుంతలోంచి బయటికొచ్చాడు. తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు. ఆయన వాకిలి వైపు పోలేదు. కొయ్య దగ్గరకు పోయి ఒక మంచి చిలపను తీశాడు. ఎడమ చేతి వైపు ఉచ్చును కుడికి మెలితిప్పి, కొసను నడుమ దూర్చి గట్టిగా లాగాడు.

అది ఆమె చిక్కు. ఎవరూ చూడడం లేదని ఆమె ఎనిమిదేళ్ళు వేసిన చిక్కు.

"చిలప చిక్కుపడిండాది. అరుగు మీద కూచుంటా" అన్నాడు. చాపతో సహా ఆమెను ఎత్తుకుపోయి ఎండలో పడుకోబెట్టాడు, పక్కనే కూర్చుని విప్పడం మొదలుపెట్టాడు.

లక్ష్మక్క చూడనే చూసింది. "నేను పంపించిన కండెల్లో చిక్కు లేదప్పా! జ్వరంతో పడుండి కూడా ఈయమ్మ చిక్కు పెట్టిందా?"

"నేనే పెట్టినా లక్ష్మక్కా. ఈయమ్మ చేతిలో నూలు ఏ పొద్దైనా చిక్కుపడిండాదా? ఇన్నేండ్లూ నాకోసరమే నీతో మాటలు పడింది. ఇంగ అనొద్దు" అన్నాడు వెంకటేశులు.

రుక్మిణమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"ఏమే, ఎండ ఎక్కువైందా? లోపలికి ఎత్తుకుపోదునా?"

"వద్దు" అంది కొంగులోంచే. "రోంతసేపు ఉండనీ."